తలవైపు తాడు

హాల్డసే దీవి,
నవంబరు 9

పెద్దన్నయ్యకి,

నీ తమ్ముడు హెక్టరు ఇక ఎక్కువ కాలం ఉండడు. డాక్టరు ఆ మాట నోటితో అనలేదు. టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి సముద్రం కేసి చూస్తూ, "చలికాలం గట్టెక్కితే చూద్దాం" అన్నాడు. హెక్టరు మంచం మీంచే నవ్వి, "గట్టెక్కడానికి నేనేమన్నా పడవనా డాక్టరుగారూ" అన్నాడు.

ఈ ఉత్తరం అందుకు కాదు. తన శవపేటికని గోతిలోకి దించే తాళ్ళు ఎవరెవరు పట్టాలో హెక్టరు నిన్న చెప్పేశాడు. ఎనిమిది తాళ్ళలో తలవైపుది నాదన్నాడు.

ఈ దీవిలో ఆడది తాడు పట్టడం అటుంచి, శ్మశానం గోడ దాటి లోపలికి అడుగు పెట్టడమే లేదని నీకు తెలుసు. అమ్మని దించిన రోజున నువ్వు తలవైపు తాడు పట్టుకుని లోపల ఉన్నావు. నేను గోడ బయట వర్షంలో నిలబడి, మగవాళ్ళ వీపులు చూశాను.

విషయం తెలిసి టోర్మోడ్ వచ్చాడు. బాబాయి కొడుకుగా కాదు, చర్చి పెద్దగా వచ్చాడు. టోపీ తియ్యలేదు.

"అది కుదరదమ్మా" అన్నాడు.

"ఎందుకు కుదరదన్నా?"

"గాలి."

"గాలికేమొచ్చింది?"

"హెక్టరు రెజిమెంటులో పనిచేసినవాడు. తాళ్ళు పట్టేవాళ్ళంతా నడుముకి కిల్టు కట్టుకుని రావాలి. రెండు చేతులూ తాడు మీదే ఉంటాయి. శ్మశానం ఉన్న ఆ కొన మీద గాలి ఎలాంటిదో ఎరుగుదువా? పోయినేడు కాలమ్ సంగతి వినలేదూ?"

"వినడమేంటి, చూశాం. గోడవతల ఉన్నవాళ్ళందరికీ కనబడింది."

"చూశావా మరి! అందుకే వద్దంటున్నాను."

"కాలమ్ కిల్టు గాలికి లేస్తే ఆ తప్పు నాదా?"

"తప్పు నీదని ఎవరన్నారు? మర్యాద గురించి చెబుతున్నాను."

పేటిక బరువుకి నా చేతులు ఆగుతాయా అని అతను అడిగి ఉంటే నాకు ఇంత మండేది కాదు. హెక్టరుని రోజూ మంచం మీంచి లేపి కూర్చోబెట్టే చేతులివి. అది అడగలేదు, గాలిని అడ్డు పెట్టుకున్నాడు.

చదువుకున్నవాడివి. అతనికి నువ్వే జవాబు చెప్పు.

మర్డీనా

*

పెర్త్,
నవంబరు 16

మర్డీనా,

గాలా! ఆ ఎండుచేపకి వేరే సాకు దొరకలేదా?

బడిపిల్లలకి అన్యదేవతల పద్యాలు నేర్పిస్తున్నానని నా మీద అర్జీ పెట్టినప్పుడు మొదటి సంతకం చేసింది వీడే. అప్పుడు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు, ఇప్పుడు గాలిని. రెండూ కంటికి కనబడవు కాబట్టి వీడికి భలే అనువుగా ఉంటాయి. చరిత్రలో ఎక్కడ చూడు, ఆడవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టిన ప్రతివాడూ వాళ్ళ మంచికే అన్నాడు. తన కాళ్ళు బయటపడతాయని భయపడి నిలబెట్టినవాణ్ణి మాత్రం నా చదువులో ఇంతవరకూ చూడలేదు.

రెజిమెంటు ఈ దేశంలోని ప్రతి కొండ మీదా కిల్టుల్లో కవాతు చేసింది. గాలి ఆగేదాకా ఆగుదాం అని ఏ సేనాపతీ అనలేదు. కిల్టు లేచిందంటే గాలి తప్పు కాదు, కట్టుకున్నవాడి తప్పు. ఇది వాళ్ళకి చదివి వినిపించు.

మొదట గుడ్డ. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పల్చటి గుడ్డ గుడ్డే కాదు, జెండా. తాతల నాటి బరువు ఉన్ని కావాలి. వెనక కుచ్చిళ్ళు లోతుగా ఉండాలి. ఆ బరువే కిల్టుని కిందికి లాగి ఉంచుతుంది.

రెండోది నడుము. మగవాళ్ళకి పొట్ట పెరిగేకొద్దీ కిల్టు కిందికి జారుతుంది. బొడ్డు మీదికి ఎత్తి కట్టమను. అంచు మోకాలి చిప్ప నడిమికి రావాలి. ముందు లోపలి మడత పట్టీని నడుం దగ్గరున్న చీలికలోంచి దూర్చి బిగించాలి. పై మడత ఆ తరవాతే. లోపలిది వదులైతే పైన ఎన్ని బకిల్సు పెట్టినా దండగ.

మూడోది పిన్నీసు. ఇక్కడే సగం దేశం తప్పు చేస్తుంది. పిన్నీసు పై మడతకి మాత్రమే గుచ్చాలి. అది ఉన్నదే దాన్ని బరువుతో కిందికి లాగడానికి. రెండు మడతలూ కలిపి గుచ్చితే ముందుభాగమంతా ఒకటే తెరచాప అవుతుంది. అడుగు వేస్తే గుడ్డ చిరుగుతుంది, గాలొస్తే మొత్తం లేస్తుంది. పోయినేడు కాలమ్ అదే చేసి ఉంటాడు. వాణ్ణి అడుగు.

కిల్టు ముందు కట్టే తోలు సంచి బొడ్డు మీద వేలాడకూడదు, బెల్టుకి బెత్తెడు కిందుండాలి. అందులో పొగాకు కాదు, పెద్ద తాళంచెవులు వెయ్యమను.

నిలబడేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడాలి. ముందు మడతల్ని గాలే కాళ్ళకి అదిమిపెడుతుంది, పైన సంచి కాస్తుంది. గాలికి వీపు పెట్టినవాడికే ప్రమాదం. కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుంటాయి. సమాధి చుట్టూ కొందరు అలా నిలబడక తప్పదు కాబట్టి అక్కడ అందరికన్నా బరువు కిల్టు ఉన్నవాళ్ళని పెట్టు.

చివరిది. లోపల ఏమీ వేసుకోకపోవడం మగతనం అని ఎవడైనా అంటే, ఆ నియమం పెట్టిన రెజిమెంటు ఇప్పుడు లేదని చెప్పు. నల్ల నిక్కరు వేసుకోమను.

ఇన్ని చేశాక కూడా గాలి పేరెత్తాడా, వాడి భయం గాలి కాదని ఊరందరికీ తెలిసిపోతుంది.

టెలిఫోను చెయ్యకు. నీ గొంతు వింటే నా కోపం సగం చస్తుంది. అది నాకు కావాలి.

ఫార్కర్

*

హాల్డసే,
జనవరి 12

పెద్దన్నయ్యకి,

నీ ఉత్తరం వంటింట్లో పైకి చదివాను. హెక్టరు పడవ మనుషులు అయిదుగురూ, కాలమూ వచ్చారు. హెక్టరు మంచాన్ని గుమ్మం దగ్గరికి జరిపాం, చూస్తానన్నాడు.

కాలమ్ నిజంగానే రెండు మడతలకీ కలిపి గుచ్చేవాడట. "మా నాన్న అలాగే గుచ్చేవాడు" అన్నాడు. "మీ నాన్నదీ ఓసారి లేచిందిలే" అని హెక్టరు మంచం మీంచి కేకేశాడు. బొడ్డు మీదికి కట్టాలంటే ముందు కాలమ్ బొడ్డు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. హెక్టరు నవ్వి నవ్వి దగ్గాడు. దగ్గుతూ కూడా, "పట్టీ చీలికలోంచి దూర్చరా, చీలికలోంచి" అంటూనే ఉన్నాడు. ఇంత సంతోషంగా వాణ్ణి చూసి చాలా కాలమైంది.

గాలి బాగా వీచిన రోజు చూసి కొన మీదికి వెళ్ళాం. చేపల పెట్టెలో రాళ్ళు నింపి, తాళ్ళు కట్టి, శ్మశానం గోడ బయటే తవ్విన గోతిలోకి దించాం. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ గోడ మీద కూర్చోబెట్టాను, వాళ్ళే తీర్పు చెప్పాలని. కాలమ్ వాళ్ళవైపు తిరిగి, "చెప్పండమ్మా, ఏమైనా కనిపించిందా?" అని అరిచాడు.

"ఏమీ లేదు నాయనా" అంది ముసలి పీగీ. "పోయినేడే బాగుంది."

చర్చి పెద్దల సభ ఒప్పుకుంది. మనస్ఫూర్తిగా మాత్రం కాదు. టోర్మోడ్ లేచి, "ఈ ఒక్కసారికి. ఆ రోజు ఒక్క కిల్టు లేచినా, ఇక ముందు ఏ ఆడదీ గోడ దాటదు. సభ తీర్మానంలో రాయించేస్తాను" అన్నాడట. అందుకే ఇప్పుడు ఇది నా ఒక్కదాని సంగతి కాదు. పీగీ కూతురు మొన్న దారిలో ఆపి నా చెయ్యి పట్టుకుంది.

తలవైపు నేను. కాళ్ళవైపు కాలమ్. అయిదుగురు పడవ మనుషులు రెండు పక్కలా. ఎనిమిదోవాడు టోర్మోడ్, సముద్రం వైపు వీపు పెట్టి. బాబాయి కొడుకుని వదిలేయకూడదని హెక్టరు పట్టుబట్టాడు. నేర్చుకోవడానికి అతను మాత్రం రాలేదు. "కిల్టు కట్టుకోవడం నాకొకరు నేర్పాలా?" అన్నాడు.

మర్డీనా

*

పెర్త్,
జనవరి 20

మర్డీనా,

ఎనిమిది మందిని చెప్పావు. రెండుసార్లు చదివాను. అందులో నేను లేను.

పెళ్ళీ పిల్లలూ లేనివాడి పేటికకి తలవైపు తాడు పెద్దన్నది. మన దీవిలో పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. నీకిచ్చిన తాడు ఎవరి చేతిలోంచి తీసి ఇచ్చారు?

ఫార్కర్

*

హాల్డసే,
జనవరి 29

పెద్దన్నయ్యకి,

నీ తుంటి నొప్పి గురించి హెక్టరుకి బెంగ. ఆ ఇసక నేల మీద కర్ర లేకుండా, రెండు చేతులతో తాడు పట్టుకుని నువ్వు నిలబడలేవని అన్నాడు. నీ మంచికే. కోప్పడకు.

మర్డీనా

*

పెర్త్,
ఫిబ్రవరి 5

మర్డీనా,

నా మంచికే! ఎక్కడ విన్నాను ఈ మాట? ఆ, గుర్తొచ్చింది, టోర్మోడ్ దగ్గర. వాడు గాలన్నాడు, నువ్వు తుంటి అంటున్నావు. ఇద్దరూ కలిసి చర్చి పెద్దలు అవ్వండి.

నీ కోసం నేను పేజీలకు పేజీలు రాశాను. ఒకళ్ళ హక్కుని సాకు చెప్పి లాక్కోవడం ఎంత నీచమో రాశాను. అప్పుడు నువ్వు నా తాడు ఒళ్ళో పెట్టుకుని ఆ ఉత్తరం వంటింట్లో చదివి వినిపించావు. నిజం రాయి. లేకపోతే ఇక రాయకు.

ఫార్కర్

*

హాల్డసే,
ఫిబ్రవరి 14

అన్నయ్యా,

సరే, నిజమే రాస్తాను.

తుంటి మాట నాది. హెక్టరు అన్నది ఇది: "అన్నయ్య కోపం టోర్మోడ్ మీద. రాకపోవడం మాత్రం నా ఇంటికి. రానివాడి కోసం తాడు ఎంతకాలం చేత్తో పట్టుకుని కూర్చోవాలి?"

అంతే. ఈసారి నేనేమీ కలపలేదు. ఆ తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

టోర్మోడ్ సభలో ఉన్నంతకాలం ఈ దీవి మీద కాలు పెట్టనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావు. టోర్మోడ్‌కి దాని వల్ల ఒక్క పూట భోజనం తప్పలేదు. హెక్టరు మాత్రం పడవ వచ్చే ప్రతి గురువారం రేవు కేసి చూసేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించావు. ఆ దుత్త ఇప్పుడు పగిలిపోతోంది.

ఇది కూడా దాచను. నువ్వు ఒక్క మాట అంటే చాలు, నన్ను గోడ బయటికి పంపేస్తారు. పెద్దన్నవి. హక్కు నీది. టోర్మోడ్ ఎదురు చూస్తున్నది దానికే. ఇక నీ ఇష్టం.

మర్డీనా

*

పెర్త్,
ఫిబ్రవరి 22

మర్డీనా,

నీ ఉత్తరంతోపాటే టోర్మోడ్ ఉత్తరం కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిది. "ప్రియమైన ఫార్కర్ అన్నయ్యా" అట! అర్జీలో "సదరు ఉపాధ్యాయుడు" అని రాసిన చెయ్యి. నా హక్కు చూస్తే వాడికి గుండె తరుక్కుపోతోందట. ఒక్క మాట రాస్తే తలవైపు తాడు నా చేతిలో పెడతాడట.

చూశావా నా గతి? నాకు న్యాయం చేస్తానన్నవాడు లోకంలో ఒక్కడే, వాడు టోర్మోడ్. నా తమ్ముడేమో నన్ను మనిషిగా లెక్కపెట్టలేదు. నువ్వు తుంటి కథ చెప్పావు.

వాడికి జవాబు రాసి పోస్టులో వేశాను. ఏం రాశానో నీకు చెప్పను. నువ్వు దాచావు కదా, ఇప్పుడు నేను దాస్తాను. ఎలా ఉంటుందో చూడు.

హెక్టరుకి చెప్పు... వద్దు. ఏమీ చెప్పకు.

ఫార్కర్

*

హాల్డసే,
మార్చి 6

అన్నయ్యా,

హెక్టరు ఇవాళ పొద్దున పోయాడు. టీ కావాలన్నాడు. తెచ్చేసరికి లేడు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం దించుతాం. గురువారం పడవ ఉంది.

నువ్వేం రాశావో టోర్మోడ్ చెప్పడం లేదు. తలవైపు తాడు ఎవరిదో నాకు తెలీదు. నా నల్ల కోటు మాత్రం ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

మర్డీనా

*

హాల్డసే,
మార్చి 15

అన్నయ్యా,

నువ్వు భోజనానికి ఆగలేదు. ఇంట్లోకి కూడా రాలేదు. అందుకని నువ్వు అక్కడే ఉండి చూసిందే నీకు రాస్తున్నాను. నువ్వు నిలబడ్డ చోటు నుంచి కొన్ని కనబడి ఉండవు.

శ్మశానం గేటు దగ్గర టోర్మోడ్ తాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. గొంతులో ముల్లు గుచ్చుకున్నవాడి మొహం పెట్టి, "తలవైపు, మర్డీనా" అన్నాడు. అప్పుడు తెలిసింది నువ్వు ఏం రాశావో. నీకోసం చూస్తే గోడ పక్కన కర్ర మీద వాలి, సముద్రాన్ని తిడుతున్నవాడిలా చూస్తున్నావు.

గోడ దాటాను.

కాలమే ముందు గమనించాడు. పక్కన నడుస్తూ నా చెవిలో, "అమ్మాయ్, టోర్మోడ్‌ని చూడు. అది వాడి కొడుకు పెళ్ళికి కట్టుకున్నది కదూ?" అన్నాడు. చూశాను. జేబురుమాలంత పల్చగా ఉంది. పొట్ట కింద కట్టాడు. పిన్నీసు రెండు మడతలకీ కలిపి గుచ్చి ఉంది. వాళ్ళ నాన్న బరువు కిల్టు వాళ్ళింట్లో పెట్టెలో ఉందని దీవి మొత్తానికి తెలుసు.

"మర్చిపోయి కట్టుకొచ్చాడంటావా?" అన్నాను.

"వాడా? వాడు పుట్టినప్పట్నుంచీ ఒక్కటీ మర్చిపోలేదు" అన్నాడు కాలమ్.

తన మాట నెగ్గడం కోసం ఒక చర్చి పెద్ద తన పరువే గాలికి వదిలేయడానికి సిద్ధపడ్డాడు. ఇలాంటి మొండితనం మన దీవిలోనే పుడుతుంది. అంతలోనే అందరి చేతుల్లోకీ తాళ్ళు వచ్చేశాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఏమీ చెయ్యలేం.

పేటిక బరువు చేతుల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి ఆ గాలి. మా అందరి కిల్టులూ, నా కోటూ కాళ్ళకి కొట్టుకున్నాయి గానీ లేవలేదు. టోర్మోడ్ వెనక కుచ్చిళ్ళు మాత్రం విచ్చుకోవడం మొదలైంది. తలవైపు ఉన్న నాకు అతని మొహం కనబడింది. అందులో సిగ్గు లేదు అన్నయ్యా, గెలుపు ఉంది.

అప్పుడు నువ్వు వచ్చావు. ఎప్పుడు కదిలావో చూడలేదు. అతని వీపుకి వీపు దగ్గరగా నిలబడ్డావనుకున్నాను మొదట. కాదు. కర్రని అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని అతని కుచ్చిళ్ళని మోకాళ్ళ వెనక అదిమిపెట్టావు. మీ మాటలు పక్క తాడు పట్టుకున్న కుర్రాడు విని తరవాత మాకందరికీ నటించి చూపించాడు.

"ఏంట్రా ఇది? తప్పుకో నా వెనక నుంచి!"

"నోరు మూసుకుని తాడు వదులు. నెమ్మదిగా. అందరితోపాటు."

"ఫార్కర్, నువ్వు..."

"నీ వెనకభాగం చూసే ముచ్చట నాకూ లేదురా. కదిలావంటే గోతిలోకి తోసేస్తా. హెక్టరుకి తోడుంటావు."

కర్ర నీ చేతుల్లో ఉంది, నేల మీద లేదు. ఆ తుంటితోనే, ఆ ఇసకలో, ఆ గాలిలో, పేటిక అడుగు తాకేదాకా అలాగే నిలబడ్డావు. నీ మొహం చూశాను. తుంటి సాకు చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పేటిక అడుగు తాకగానే తాడు ఒక్కసారిగా వదులైంది. చేతుల్లో ఇంకేమీ లేదు. అది ఎలా ఉంటుందో నీకు అమ్మని దించినప్పటి నుంచీ తెలుసు. నాకు ఇప్పుడు తెలిసింది.

సభ తీర్మానం ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదు, ఒక్క కిల్టూ లేవలేదు. పీగీ అప్పుడే, "వచ్చే శవానికి నాకో తాడు కావాలి" అంటోంది. "ఎవరిదమ్మా?" అంటే, "ఎవరిదైనా పరవాలేదు" అంటోంది.

నువ్వు పాత కోపాలన్నీ మర్చిపోయి టోర్మోడ్ పరువు కాపాడావని ఊళ్ళో అనుకుంటున్నారు.

బల్ల మీద నీ పళ్ళెం ఇంకా అలాగే ఉంది.

మర్డీనా

*

పెర్త్,
మార్చి 24

మర్డీనా,

నేను టోర్మోడ్ పరువు కాపాడానన్నవాళ్ళ పేర్లు నాకు పంపు. ఒక్కొక్కడికీ విడివిడిగా రాస్తాను. వాడి పరువు సముద్రంలో కొట్టుకుపోయినా నేను చెయ్యి చాపను. వాడు గెలవడానికి పన్నిన ఉపాయాన్ని నా చేతులతో అదిమిపెట్టాను, అంతే. తాడు లేని చేతులు కాబట్టి ఖాళీగా ఉన్నాయి. హెక్టరు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, ఆ రోజు కొన మీద చేతులు ఖాళీగా ఉన్న ఏకైక మగవాణ్ణి నేనే.

దీనివల్ల హెక్టరు మీద నా కోపం పోయిందనుకోకు. ఇంకా పెరిగింది. బతికున్నవాడితో పోట్లాడొచ్చు, రాజీ పడొచ్చు, పడకపోవచ్చు. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఇక ఇటు తిరగడు. ఆఖరి మాట వాడిదే అయింది. పెద్దవాణ్ణి నేను.

గొర్రెలు ఈనే కాలానికి వస్తాను. టోర్మోడ్ సభలోనే ఉండనీ. నా ఒట్టు నా ఇష్టం, పెట్టుకున్నవాణ్ణి నేనే. పళ్ళెం కడిగి పెట్టు.

ఇప్పుడే చెబుతున్నాను, ఎవరూ మార్చకూడదు. రోమన్లు చచ్చాక చదవడానికి వీలునామాలో తిట్లు దాచేవాళ్ళు. నాకంత ఓపిక లేదు. నా పేటికకి తలవైపు తాడు నీది. పీగీ ఉంటే ఒకటి దానికి. కాళ్ళవైపు తాడు టోర్మోడ్‌కి. తాడు ఇస్తే కాదనడం మన దీవిలో చచ్చినవాడి మీద ఉమ్మినట్టే కాబట్టి వాడు కాదనలేడు. ఒక ఆడదాని ఎదురుగా నిలబడి, ఆమె వదిలినప్పుడే వాడూ వదలాలి.

నా బరువు కిల్టు ముందే వాడింటికి పంపించు. పల్చటిది కట్టుకొస్తే ఈసారి వెనక నిలబడడానికి నేనుండను.

గాలి జోరుగా వీచే మార్చిలోనే పోవడానికి ప్రయత్నిస్తాను.

ఫార్కర్